వినేవాడు కాదంటే

జహీరాబాద్‌లో ఒక డిగ్రీ కళాశాల. రెండో సంవత్సరం పిల్లలకు ఈసారి కొత్త రకం ప్రాజెక్టు ఇచ్చారు. ఒకే విషయాన్ని నాలుగు రూపాల్లో చెప్పాలి: ఒక పుట వ్యాసం, ఒక పోస్టరు, మూడు నిమిషాల వీడియో, ఐదు నిమిషాల ఉపన్యాసం. చూసినవాళ్ళు, విన్నవాళ్ళు తమ మాటకు ఒప్పుకోవాలన్నది షరతు. మార్కులు వేయడానికి కూర్చున్న ఇద్దరికీ పొసగలేదు. ఒకరు ఏళ్ళ తరబడి ఇక్కడ తెలుగు చెప్పి రిటైరైన సారు. ఇంకొకరు ఆయన దగ్గరే చదువుకుని, ఇప్పుడు అక్కడే జర్నలిజం చెబుతున్న గెస్టు లెక్చరర్. పిల్లలు ఆమెను మేడం అంటారు. మార్కుల గడులు ఖాళీగా ఉండగానే మొదలైన మాటలివి. నేను టీ తెప్పించి, వింటూ కూర్చున్నాను.

సారు: ఒక్క మాట అడుగుత బిడ్డా, కోపం చేసుకోకు. చెరువుల మీద వీడియో చేసిండు చూడు ఆ పిలగాడు, పాట పెట్టిండు, అక్షరాలు ఎగిరొచ్చినయి, మంచిగనే ఉంది. గదే పిలగాడు రాసిన పుట చదివినవా? 'చెరువులు మన జీవనాధారం' అని మొదలుపెట్టి ఏడు వాక్యాలల్ల ముగించిండు. ఏ చెరువు? ఎవరు పూడ్చిన్రు? ఎప్పుడు? ఒక్కటి లేదు. వీడియోల కూడ లేదు. కాకపోతే అండ్ల పాట ఉండె గాబట్టి, లేదన్న సంగతి నాకు తెల్వలేదు.

మేడం: ఆ ఏడు వాక్యాలు వానియి కూడ కాదు సార్, గైడులయి. మాకు మీరు వ్యాసం ఎట్ల నేర్పిన్రో యాదికుందా? ముందు ఉపోద్ఘాతం, నడుమ విషయ విశ్లేషణ, ఆఖరుకు ముగింపు. పెద్ద ప్రశ్నకు నాలుగు పుటలు నింపాలె. నింపినం. ఎవరిని ఒప్పించినం? మూల్యాంకనం క్యాంపుల కూసున్న ఒక సారును. ఆయన ఒప్పుకున్నడో లేదో ఇప్పటికీ తెల్వదు, మార్కులైతే పడ్డయి.

సారు: పడ్డయి గాబట్టే నువ్వు ఈ కుర్చీల ఉన్నవు. నవ్వకు, నేను గైడును వెనకేసుకొస్తలేను. నేననేది, రాతల దాక్కునే జాగ తక్కువ. 'అందుకని' అని రాసినవంటే ముందు మాటకూ వెనక మాటకూ ఉన్న సంబంధం చూపెట్టాలె. చూపెట్టకపోతే చదివేటోడు అక్కడనే ఆగిపోతడు. వీడియోల 'అందుకని' ఎక్కడుంటది చెప్పు. ఎండిన చెరువు చూపిచ్చిండు, దాని ఎంబడే ఏడుస్తున్న ముసలమ్మను చూపిచ్చిండు. ఆమె చెరువు ఎండినందుకు ఏడ్చిందా, కొడుకు తిట్టినందుకు ఏడ్చిందా?

మేడం: వాన్ని నేను అడిగిన సార్ ఆ సంగతి. ఆ ముసలమ్మ వాళ్ళ ఊరిది కూడ కాదు, ఎక్కడనో దొరికిన బొమ్మ. మీరన్నది ఒప్పుకుంట. కాని ఆ తప్పు వీడియోది కాదు. ఒకసారి మాచునూర్ దిక్కు చూడున్రి. ఝరాసంగం మండలమే, మనకు దూరం కాదు. డీడీఎస్, అదే డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ, దాని సంగాల ఆడోళ్ళు, దళిత ఆడోళ్ళు, 2001ల కమ్యూనిటీ మీడియా ట్రస్టు పెట్టుకొని కెమెరాలు పట్టిన్రు. వాళ్ళల్ల చానామందికి బడి మొఖం తెల్వదు. వాళ్ళు ఫోటో కోణాలకు పేర్లు పెట్టుకున్నరు తెలుసా? పైనుంచి కిందికి చూసుకుంట తీస్తే అది పటేల్ షాట్. కింద నిలబడి మొఖం పైకెత్తి తీస్తే జీతగాని చూపు. కండ్లకు కండ్లు సమానంగ పెట్టి తీస్తే సంగం షాట్, సంగంల అందరు ఒక్కతీరుగ కూసుంటరు గాబట్టి. మన పిలగాడు ముసలమ్మను పైనుంచి తీసిన బొమ్మ పెట్టిండు. ఎందుకు పెట్టినవ్ రా అంటే, మంచిగుంది మేడం అన్నడు. కెమెరా ఎక్కడ పెడుతున్నమో, ఎదుటి మనిషిని ఎక్కడ నిలబెడుతున్నమో ఆ ఆడోళ్ళకు తెలుసు. వీనికి తెల్వదు. అది చెప్పాల్సింది కాలేజీ కాదా?

సారు: నీ కథ నీకే ఎదురు తిరుగుతుంది. ఆ ఆడోళ్ళు కాలేజీకి రాలేదు గదా! రాకుండనే నేర్చుకున్నరు. మరి ఈ నాలుగు రూపాల ప్రాజెక్టు, ఈ సెమిస్టరు, ఈ ఇంటర్నల్ మార్కులు ఎందుకు?

మేడం: ఎందుకు రాలేదో కాదు, వాళ్ళు ఎట్ల నేర్చుకున్నరో చూడాలె సార్. గాలి తరంగాలు జనం ఆస్తి అని 1995ల సుప్రీంకోర్టు చెప్పింది. మాచునూర్‌ల రేడియోకు యునెస్కో సాయంతోని 1998 నాటికే కట్టడం లేచింది. లైసెన్సు మాత్రం రాలేదు. అప్పుడు వాళ్ళు ఏం చేసిన్రు? కార్యక్రమాలు రికార్డు చేసి, ఆ క్యాసెట్లు సంగం మీటింగులకు తీసుకపోయి వినిపిచ్చిన్రు. పదేండ్లు అట్లనే. 2008 అక్టోబరు 15న సంగం రేడియో 90.4 మీద గాలిలకు ఎక్కింది. జనరల్ నర్సమ్మ, ఆల్గోల్ నర్సమ్మ అని ఇద్దరు నర్సమ్మలు దాన్ని నడిపిన్రు. అందరు ఆ అక్టోబరు గురించే చెప్తరు. నాకైతే ఆ పదేండ్లే ముఖ్యం అనిపిస్తది. క్యాసెట్టు పెట్టినోళ్ళు అక్కడనే ఉంటరు, వినేటోళ్ళు ఎదురుంగ ఉంటరు. నచ్చకపోతే లేచి పోతరు. 'నువ్వు చెప్పిన విత్తనం మా చెల్కల రాదు' అని మొఖం మీదనే అంటరు. మా పిల్లలకు అట్లా అనే మనిషి ఒక్కడు దొరకడు.

(ఇక్కడ నా మాట ఒకటి. డీడీఎస్‌ను నిలబెట్టినవాళ్ళలో ముఖ్యుడు పి.వి. సతీష్ దూరదర్శన్‌లో చాలాకాలం పనిచేసిన మనిషి. 1975–76లో ఉపగ్రహం ద్వారా ఆరు రాష్ట్రాల్లోని 2,400 పల్లెలకు టీవీ పాఠాలు పంపిన 'సైట్' ప్రయోగం కాలం నుంచి ఆ రంగంలో ఉన్నారు. అప్పుడు మాట పైనుంచి పల్లెకు దిగేది. పల్లె తిరిగి మాట్లాడే దారి అందులో లేదు. ఆయన తర్వాతి జీవితమంతా ఆ దారి వేయడానికే పోయిందని నాకనిపిస్తుంది. 2023 మార్చిలో ఆయన కన్నుమూశారు.)

సారు: రేడియోకు కాలేజీలకు ముందు అనుమతి ఇచ్చిన్రా, పల్లెలకా?

మేడం: కాలేజీలకే సార్. 2002 డిసెంబరుల విద్యాసంస్థలకు ఇచ్చిన్రు. మద్రాసుల అన్నా యూనివర్సిటీ 2004ల మొదలుపెట్టింది. సంగాలకు, స్వచ్ఛంద సంస్థలకు దారి తెరిచింది 2006 నవంబరుల. అంటే నాలుగేండ్లు మనకు మైకు ముందుగాల దొరికింది. మన కాలేజీ ఒక్క దరఖాస్తు పెట్టిందా? పెట్టలేదు. మనకు చెప్పాల్సిన అవసరం పడలేదు గాబట్టి.

సారు: అవసరం అన్నవు, బాగుంది. నేను ఒక అవసరం చెప్త. 1921 నవంబరు, హైద్రాబాద్, వివేకవర్ధిని థియేటరు. సంఘ సంస్కార సభ. సంస్కర్త కర్వే అధ్యక్షుడు. ఇంగ్లీషుల, ఉర్దూల, మరాఠీల మాట్లాడిన్రు, అందరు విన్నరు. అల్లంపల్లి వెంకటరామారావు లేచి తెలుగుల మొదలుపెడితే ఎగతాళి చేసిన్రు, గోల చేసి కూసోబెట్టిన్రు. ఆ రాత్రే కొందరు కూడి ఆంధ్ర జనసంఘం పెట్టిన్రు. ఆ ఎంబడి గ్రంథాలయాలు, 1926ల సురవరం ప్రతాపరెడ్డి గోలకొండ పత్రిక, 1930ల మన జోగిపేటల మొదటి ఆంధ్ర మహాసభ, దానికి అధ్యక్షుడు ఆయనే. తెలంగాణల కవులే లేరని ఒకాయన రాస్తే సురవరం ఏం చేసిండు? ఉపన్యాసం దంచలేదు. 1934ల గోలకొండ కవుల సంచిక తెచ్చిండు, 354 మంది కవులు. పేర్లతోని, పద్యాలతోని. అన్నోడు నోరు మూసుకోవాల్సి వచ్చింది. అది రాత బలం బిడ్డా. ఇయ్యాళైతే ఏం చేస్తరు? 'తెలంగాణల కవులు లేరా?' అని ఒక రీలు చేసి, కింద నిప్పుల బొమ్మ పెట్టి పంపుతరు. పొద్దున వరకు అందరు మర్చిపోతరు.

మేడం: ఆ సంగతి మీరు మా క్లాసుల చెప్పినప్పుడు నాకు రోమాలు నిక్కపొడుచుకున్నయి సార్. కాని మీరు చెప్పిన వరుసే చూడున్రి. సభల ఉపన్యాసం, అది ఓడిపోయింది. తర్వాత సంఘం. తర్వాత గ్రంథాలయం. తర్వాత పత్రిక. తర్వాత మహాసభ. ఆఖరుకు సంచిక. వాళ్ళు ఒక్క రాతనే నమ్ముకున్నరా? ఎక్కడ ఏది పనిచేస్తదో చూసి అన్నీ వాడిన్రు. ఆ రోజు ఆ థియేటరుల చప్పట్లు కొట్టి కూసోబెట్టి ఉంటే ఇవన్నీ వచ్చేవా? కాదన్నోళ్ళు ఉన్నరు గాబట్టి వచ్చినయి.

సారు: అది సరే. నా పిల్లలకు నేను ఆ ఎగతాళి చేసేటోళ్ళను ఎక్కడి నుంచి తేవాలె?

మేడం: జహీరాబాద్‌ల కొదువా సార్? మా క్లాసుల ఇంట్ల తెలుగు మాట్లాడేటోళ్ళు సగమే. ఉర్దూ ఉంది, కన్నడ ఉంది, మరాఠీ ఉంది, తండాల నుంచి వచ్చే పిల్లలున్నరు. ఒక తండా పిల్ల ఉపన్యాసం విన్నరు గదా మీరు, బాల్యవివాహాల మీద. తెలుగు అప్పజెప్పినట్టు చెప్పింది. మీరే 'ప్రాణం లేదు' అని రాసిన్రు. బయటికొచ్చి వాళ్ళ అమ్మతోని ఫోనుల లంబాడీల ఏదో గట్టిగ మాట్లాడుతుంది. ఏందే అంటే, చెల్లె పెండ్లి మాట వచ్చిందట, ఆపుమని కొట్లాడుతుంది. మన రూల్సుల తెలుగు, ఇంగ్లీషు రెండే ఉన్నయి. అసలు ఒప్పించే పని బయట నడుస్తుంది, మనం లోపల మార్కులు వేస్తున్నం.

సారు కొంచెంసేపు ఏమీ అనలేదు. ఆ అమ్మాయి కాగితం వెతికి తీసి, తాను రాసిన మాట చూసుకున్నారు. కొట్టేయలేదు. ఆయన తీరు అదే.

సారు: ఉపన్యాసంల ప్రాణం లేదన్నది నిజమే, దాన్ని మార్చ. లంబాడీల చెప్పనిస్తే ఎట్లుండునో అది వేరే సంగతి. ఇప్పుడు నా అసలు అడుగు అడుగుత. నువ్వు ఒప్పించుడు నేర్పుతనంటున్నవు. దేనికి ఒప్పించుడు? 2018 జులైల మన పక్క బీదర్ జిల్లాల ముర్కిల ఏమైంది? హైద్రాబాద్ నుంచి కార్ల పోయిన పిలగాండ్లు, బడిపిల్లలకు చాక్లెట్లు ఇచ్చిన్రు. పిల్లల్ని ఎత్తుకపోయేటోళ్ళని వాట్సాప్‌ల వీడియో పోయింది. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి కారు కంటే ముందు ఆ వీడియో పోయింది. రోడ్డుకు అడ్డం పెట్టి ఆపిన్రు, ఒక ఇంజనీరును కొట్టి చంపిన్రు. బొమ్మ ఉంది, గొంతు ఉంది, అక్షరం ఉంది. నువ్వు చెప్పే మాధ్యమాలు అన్నీ కలిసి నిమిషాలల్ల ఊరు ఊరును ఒప్పించినయి. ఆ వీడియో నా ముందుకొస్తే నీ షరతు ప్రకారం నేను ఎన్ని మార్కులు వేయాలె? నూటికి నూరు వేయాలె గదా!

ఇది విన్నాక నాకూ సారు మాటే సబబనిపించింది. 'విన్నవాళ్ళు ఒప్పుకోవాలి' అన్న షరతును నేనూ అప్పటిదాకా మంచిదే అనుకున్నాను.

మేడం: అది విన్నోళ్ళు ఒక్కొక్కరు ఒక్కొక్క ఫోనుల చూసిన్రు సార్. మీటింగుల చూసి ఉంటే ఎవరో ఒకరు అడిగేటోళ్ళు, 'ఎవరి పిల్ల పోయింది? పేరు చెప్పు' అని.

సారు: తప్పు. రోడ్డు మీద గుంపుగనే ఉండిరి. పోలీసులు కూడ ఉండిరి. ఎవ్వరూ అడగలేదు, అడిగినా విననియ్యలేదు. పదిమంది ఎదురుంగ ఉంటే నిజం బయటపడుతదని నీ మాచునూర్ నమ్మకం. నలుగురు చేరితే అబద్ధం కూడ బలుస్తది.

మేడం: ... అవును సార్. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎదురుంగ ఉంటే చాలదు. అడిగే అలవాటు ఉండాలె. మీరన్నంక నాకు ఒకటి తోస్తుంది గాని, ముందు మీరు ఇంకోటి అడగబోతున్నరు, మీ మొఖం చూస్తే తెలుస్తుంది.

సారు: బీటీ పత్తి అడుగుత. నువ్వు ఎత్తుతవని చూస్తున్న, ఎత్తుతలేవు.

మేడం: ఎత్తుత. 2002 మార్చిల బీటీ పత్తికి అనుమతి వచ్చింది. ఆ ఏడే మన సంగాల ఆడోళ్ళు కెమెరా పట్టుకొని వరంగల్ దిక్కు పోయిన్రు. విత్తనం పెట్టిన కాడి నుంచి పత్తి ఏరే దాక అదే రైతుల కాడికి మళ్ళ మళ్ళ పోయిన్రు. మొదలు సంబురంగ మాట్లాడిన రైతే ఆఖరుకు ఎట్ల మాట్లాడిండో కెమెరాల ఉంది. వరంగల్ రైతులు బీటీ పత్తి మీద ఎందుకు కోపంగ ఉన్నరని 2003ల ఆ సినిమా వచ్చింది. ఇది మీకు నచ్చాలె సార్, మీరడిగిన 'అందుకని' అండ్ల ఉంది. ఒకే మనిషి, ఒకే చేను, నెల తర్వాత నెల. ఎక్కడిదో ముసలమ్మను తెచ్చి అతికియ్యలేదు.

సారు: ఒక్క సినిమానే కాదు గదా. అబ్దుల్ ఖయ్యూం, కిరణ్ సక్కరి లెక్కలు కట్టిన్రు. ఖయ్యూం వ్యవసాయశాఖల పెద్ద ఉద్యోగం చేసినాయన. ఎకరానికి పెట్టుబడి ఎంత, మందులకు ఎంత, దిగుబడి ఎంత, చేతికి ఎంత మిగిలింది. 2005 దాక మూడు పంటలు లెక్క రాసిన్రు. ఆ అంకెలు లేకుంటే ఆ సినిమాను 'నలుగురు ఏడ్చిన్రు' అని పక్కకు పెట్టేటోళ్ళు.

మేడం: ఆ సినిమా లేకుంటే ఆ లెక్కను ఎవరు తెరిచి చూసేటోళ్ళు సార్?

సారు: అది కూడ నిజమే. కాని ఆఖరు ఏమైంది చెప్పు.

మేడం: 2005ల కేంద్రం కమిటీ, జీఈఏసీ, మహికో-మోన్సాంటో మూడు బీటీ రకాలకు ఆంధ్రప్రదేశ్‌ల అనుమతి పొడిగియ్యలేదు.

సారు: అది సగం. మిగతా సగం నేను చెప్త. 2006ల బోల్‌గార్డ్-2 అని ఇంకో బీటీ వచ్చింది. ఇంకెన్నో కంపెనీల హైబ్రిడ్లు వచ్చినయి. ఇయ్యాళ తెలంగాణల పత్తి చేను అంటే బీటీ చేనే అన్నట్టు. కంపెనీ కూడ సర్వేలు చూపిచ్చింది, వాళ్ళ రైతులతోని మాట్లాడిపిచ్చింది. రైతు దేనికి ఒప్పుకున్నడు? సినిమాకు కాదు, లెక్కకు కాదు, కంపెనీ పోస్టరుకు కూడ కాదు. పక్క చేను చూసి ఒప్పుకున్నడు. వాడు ఏసిండు, పురుగు తగ్గింది, నేనూ ఏస్త. దుకాణంల వేరే విత్తనం దొరకలేదు, ఏసిండు. ఇంత కష్టపడి తీసిన సినిమా రైతును ఒప్పియ్యలేదు. దీన్ని నీ పిల్లలకు చెప్తవా, దాస్తవా?

మేడం: చెప్త సార్. మొదటి పాఠం అదే పెడుత. సినిమాను బయట దేశాలల్ల చూపిచ్చిన్రు అని చెప్పి ఊకుంటే అది కూడ కంపెనీ పోస్టరు తీరే అయితది. ఆ సినిమా ఢిల్లీల ఒక కమిటీ ముందు పనిచేసిందేమో. దుకాణం ముందు పనిచెయ్యలేదు. ఎక్కడ పనిచేసింది, ఎక్కడ చెయ్యలేదు, ఎందుకు? ఈ ప్రశ్న మీద సెమిస్టరంతా నడపొచ్చు. అదే ఆడోళ్ళు ఇంకో పని చేస్తున్నరు చూడున్రి. సంకురాత్రి అయినంక ఎడ్లబండ్లు కట్టుకొని, పాత విత్తనాలు బండి మీద పెట్టుకొని ఊరూరు తిరుగుతరు, పాత పంటల జాతర. బండి మీద కొర్రలు, సామలు, పచ్చజొన్న. పాట ఉంటది, మాట ఉంటది, ఆఖరుకు విత్తనం చేతుల పెడుతరు. మీరన్న పక్క చేను వాళ్ళకు తెలుసు సార్. విత్తనం ఇచ్చి, పక్క చేనునే తయారుచేస్తున్నరు.

సారు: అన్ని ఊర్లల్ల తయారైందా?

మేడం: కాలేదు. చెరుకు వచ్చింది, అల్లం వచ్చింది, ఆలుగడ్డ వచ్చింది, పత్తి వచ్చింది. పైసలు ఎటుంటే అటు. కాని విత్తనం పోలేదు. చిరుధాన్యాల సంవత్సరమని 2023ల ప్రపంచమంతా అన్నప్పుడు ఇక్కడ బండి మీద పెట్టను విత్తనం ఉండె.

సారు: సరే. నువ్వు ఇందాక తోస్తుందన్నవు, ఏంది?

మేడం: మార్కులు మనం తప్పుగ వేస్తున్నం సార్. చెప్పినోనికే వేస్తున్నం. విన్నోనికి కూడ వెయ్యాలె. ఒకడు వీడియో చూపిస్తడు. క్లాసుల ఇంకొకడు లేచి 'ఈ ముసలమ్మ ఎవరు? ఈ అంకె ఎక్కడిది? ఏ చెరువు?' అని అడుగుతడు. అడిగినందుకు వానికి మార్కులు. జవాబు చెప్పలేకపోతే చెప్పినోనికి కోత. అడగకుండ ఒప్పుకున్నోనికి సున్నా. ముర్కి సంగతి మీరు చెప్పినంకనే తోచింది. అక్కడ పంపేటోళ్ళకు ఎవరూ ఏమీ నేర్పలేదు, ఫోను నేర్పింది. అడుగుడు మాత్రం ఎవరన్న నేర్పాల్సి ఉండె.

సారు: అడిగింది నోటితోని కాదు. కాగితం మీద రాయాలె. 'నేను ఒప్పుకోను, ఎందుకంటె' అని ఒక పుట.

మేడం: మళ్ళ పుట!

సారు: పుటనే. ఎందుకో చెప్త, ఇది నా పాత పట్టు కాదు. మన నిమ్జ్, గదే ఆ పెద్ద పరిశ్రమల జోన్ సంగతి తీసుకో. న్యాల్‌కల్, ఝరాసంగం మండలాలల్ల వేల ఎకరాలు పోయే పని. అటువంటి పెద్ద పనులకు పర్యావరణ అనుమతికి ముందు ప్రజాభిప్రాయ సేకరణ పెడుతరు. 2006 నోటిఫికేషన్ ఏం చెప్తది? కనీసం ముప్పై రోజుల ముందు పేపర్ల నోటీసు వెయ్యాలె. నివేదిక సారాంశం స్థానిక భాషల కూడ ఉండాలె. సభ మొత్తం వీడియో తియ్యాలె. ఎవరేమన్నరో ఆఖరుకు జనానికి వాళ్ళ భాషల చదివి వినిపిచ్చి, సంతకం పెట్టాలె. రాసిన అభ్యంతరాలు కూడ తీసుకోవాలె. అంటే బిడ్డా, నీ నాలుగు రూపాలు అక్కడ ఉన్నయి. నోటి మాట ఉంది, వీడియో ఉంది, కాగితం ఉంది. నేను అటువంటి సభలు చూసిన. రైతు మైకు పట్టుకొని కడుపు చించుకొని మాట్లాడుతడు, అందరికి కండ్లల్ల నీళ్ళొస్తయి. ఇంటికి పోతడు. ఫైలుల ఒక్క లైను ఉంటది: 'కొందరు వ్యతిరేకించినారు.' ఎవడన్న సర్వే నంబరు రాసి, బోరు ఎంత లోతుల ఉందో రాసి, ఏ పంట ఎంత పండుతదో రాసి, కాగితం ఇచ్చి ముద్ర ఏయించుకుంటే, దానికి జవాబు రాయాల్సి వస్తది. రేపు కోర్టుకు పోయినా ఆ కాగితమే పోతది.

మేడం: ఆ సారాంశం తెలుగుల ఉంటది గాని చదివితే అర్థమైతదా సార్? 'పరిసర వాయు నాణ్యత' అని రాస్తే మా అమ్మకు తెలుస్తదా? దాన్ని చదివి, ఇదీ సంగతి అని ఊర్ల నలుగురి ముందు చెప్పే పిలగాడు కావాలె. తెలుగుల చెప్పాలె, ఉర్దూల చెప్పాలె, తండాల లంబాడీల చెప్పాలె. పటం గీసి చూపెట్టాలె, మన పొలం ఎక్కడ, గొట్టం ఎక్కడ అని. అప్పుడు రైతు చెప్పిందాన్ని మీరన్న కాగితం చెయ్యాలె. ఇది నేను సెమిస్టరు ప్రాజెక్టుగ ఇస్త. ఏదన్న పాత ప్రజాభిప్రాయ సేకరణ తీసుకుంటం, దాని సారాంశం, దాని మినిట్స్. సగంమంది కంపెనీ తరఫున, సగంమంది ఊరి తరఫున. నడుమల తారుమారు చేస్త.

సారు: ప్రిన్సిపాల్‌కు ఫోను వస్తది.

మేడం: వస్తది. అందుకే తారుమారు చేస్త అంటున్న. కంపెనీ తరఫున మాట్లాడినోడు వారం తర్వాత తన మాటనే తను కాదనాలె.

సారు: అది కష్టమైన పని. నాకైతే ఆ వయసుల చేత కాకపోవు. ఎదుటోని వాదం ఏందో ముందు సక్కగ చెప్పి, తర్వాత కొట్టాలె. మన పిల్లలకు ముందు ఎదుటోని వాదం సక్కగ చెప్పుడు రావాలె.

మేడం: ఇప్పుడు మీరు నా ప్రాజెక్టుకు ఒప్పుకుంటున్నరు.

సారు: సగమే. పోస్టరు తీసెయ్యి.

మేడం: తియ్య. మొన్న మీరు 'ఇది గోడ మీద పెడితే ఎవడు చూస్తడు' అన్న పోస్టరు యాదికుందా? ఉర్దూల రాసింది, అల్లం తేమ ఎంతుంటే మండీల ధర ఎట్ల కొడుతరని. దాన్ని ఆ పిల్ల మండీల అతికిచ్చింది. మీకు ఉర్దూ వస్తది గద సార్, చదవలేదా?

సారు: అక్షరాలు చిన్నగ ఉన్నయి.

మేడం: అది రాయున్రి సార్. 'ఒప్పుకోను, ఎందుకంటె అక్షరాలు చిన్నగ ఉన్నయి' అని. ఆమె సరిచేస్తది.

సారు కాగితం లాక్కుని ఏదో రాశారు. తర్వాత మార్కుల లెక్క దగ్గర మళ్ళీ పంతం పట్టారు.

సారు: అడిగేటోళ్ళకు ఎన్ని మార్కులు?

మేడం: సగం.

సారు: సగమా! యూనివర్సిటీ కాగితంల అట్లాంటి గడే లేదు. ఇంటర్నల్స్ ఇరవైల ఐదు ఇయ్యి, ఎక్కువ. సగమిస్తే పిల్లలు మార్కుల కోసం అడుగుతరు. ఊకనే గొడవ పెట్టుకుంటరు.

మేడం: ఇప్పుడు మార్కుల కోసం ఒప్పుకుంటున్నరు గదా సార్? పది ఇయ్యున్రి.

సారు: ఏడు.

మేడం: పది. మీరు కూడ వచ్చి ఎనక బెంచీల కూసోవాలె, అడగాలె.

సారు: నేను అడిగితే మార్కులు ఎవరేస్తరు?